పాత స్టేషన్లో బస



బండ్లు రావడం మానేసిన రైల్వే స్టేషన్లు బ్రిటన్ పల్లెల్లో వందల కొద్దీ ఉన్నాయి. కొన్నింటిని కూల్చి చదును చేశారు. కొన్ని వానకు నాని వాటంతట అవే కూలాయి. కొన్నింటిని ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారు. మిగిలినవాటిలో కొన్ని బాటసారులకు బసలయ్యాయి. వాటిని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటారు. రాత్రికి పడక, పొద్దున్నే గుడ్డూ రొట్టే టీతో కడుపునిండా ఫలహారం, ఆపైన ఎవరి దారి వారిది. టికెట్లు కొట్టిన గదిలో ఇప్పుడు కాఫీ పోస్తారు, పార్శిళ్లు తూచిన గదిలో మంచం వేస్తారు. దీన్ని చూసి ముచ్చటపడేవాళ్లున్నారు, పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. చరిత్రను పూటకింత అని అద్దెకివ్వడమేమిటన్నది పెదవి విరిచేవాళ్ల మాట. నా మాట వేరు. పని పోయిన చిన్న స్టేషనుకు మ్యూజియం కన్నా, రంగులేసి తాళం పెట్టి ఉంచడం కన్నా, మనుషులు వచ్చి పడుకుని లేచి వెళ్లే బసే తగిన బతుకు. అయితే ఒక షరతు ఉంది. గదులు ఎవరికిచ్చినా ఫరవాలేదు కాని, ఆ గదుల ముందునుంచి సాగిపోయే రైలుకట్టను మాత్రం అమ్ముకోకూడదు. ఈ షరతు లేకపోతే నా మొదటి మాటకు బలం లేదు.

ముందు ఇన్ని స్టేషన్లు ఎలా ఖాళీ అయ్యాయో చూద్దాం. 19వ శతాబ్దంలో బ్రిటన్ రైళ్లు ప్రభుత్వానివి కావు, ఒకదానితో ఒకటి పోటీపడే ప్రైవేటు కంపెనీలవి. ఒక కంపెనీ లోయకు ఈ పక్కన దారి వేస్తే ఇంకో కంపెనీ ఆ పక్కన వేసేది. ఒకే ఊరికి రెండు స్టేషన్లు దక్కిన సందర్భాలూ ఉన్నాయి. బస్సులూ లారీలూ వచ్చాక ఈ దారుల్లో చాలావాటికి గిరాకీ పడిపోయింది. 1948లో రైల్వేలు జాతీయమయ్యాయి. ఆ తరువాత 1962 లోపే 3,000 మైళ్లకు పైగా దారి మూతపడింది. అయినా జనం నోట్లో నానే పేరు డాక్టర్ రిచర్డ్ బీచింగ్‌ది. ఐ.సి.ఐ. అనే రసాయనాల కంపెనీ నుంచి వచ్చి బ్రిటిష్ రైల్వేస్ బోర్డు అధ్యక్షుడైన ఆయన, 1963 మార్చిలో ఇచ్చిన నివేదికలో 2,363 స్టేషన్లనూ సుమారు 5,000 మైళ్ల దారినీ మూసేయమన్నాడు. ఆయన చెప్పినవన్నీ మూయలేదు గాని చాలావరకు మూశారు. నింద మొత్తం ఆయన నెత్తిన వేయడం అంత న్యాయం కాదు. ఇంకాసేపట్లో నేను చెప్పబోయే పెట్‌వర్త్ స్టేషన్ 1955లోనే ప్రయాణికులకు మూతపడింది, బీచింగ్ రైల్వేకు రాకముందే. మూతపడ్డ ప్రతి స్టేషనూ రైల్వే పద్దుల్లో ఖర్చుగానే మిగిలింది. దాన్ని వదిలించుకోవడమే అప్పటి ఆఫీసర్ల ఆత్రం. ఎవరికి అమ్ముతున్నాం, ఏమేమి కలిపి అమ్ముతున్నాం అని ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు భవనాల సంగతి. ఇక్కడ కాస్త నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు పునాది ఇదే. పల్లెటూరి స్టేషను వట్టి ఆఫీసు కాదు, కాపురం కూడా. స్టేషన్ మాస్టరు కుటుంబం ఆ భవనంలోనో దాని పక్కనో ఉండేది. ఉత్తర ఇంగ్లండు కొండల మీదుగా సెటిల్ నుంచి కార్లైల్ దాకా పోయే 72 మైళ్ల దారినే తీసుకోండి. మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ వేసిన ఈ దారిలో 1876లో ప్రయాణికుల బండ్లు మొదలయ్యాయి. స్టేషన్లన్నీ ఒకే పోలికలో, పెద్దవీ మధ్యరకంవీ చిన్నవీ అని మూడు కొలతల్లో కట్టారు. రాతి గోడలు, నిటారైన కప్పు, త్రికోణపు మొగాల అంచున చెక్కడపు చెక్క పట్టీలు, కప్పు మీద పొగగొట్టాలు. ఆ పొగగొట్టాలు చూస్తేనే లోపలి అమరిక తెలిసిపోతుంది. ఆడవాళ్ల వెయిటింగ్ రూముకు ఒక పొయ్యి, మగవాళ్ల గదికి ఒకటి, టికెట్టాఫీసుకు ఒకటి. ఆ కాలపు స్టేషన్లలో చాలా గదులకు ప్లాట్‌ఫారం మీదకు నేరుగా విడి తలుపులుండేవి. కొన్ని స్టేషన్లలో మాస్టరు గదికి ప్లాట్‌ఫారం వైపు పొడుచుకొచ్చిన మూడు పలకల కిటికీ ఉంటుంది. కుర్చీలోంచి లేవకుండానే బండి ఇటునుంచి వస్తోందో అటునుంచి వస్తోందో చూడడానికి చేసిన ఏర్పాటు అది.

బస నడపదలచినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పాత చర్చిని హోటలు చేయాలంటే పెద్ద హాలును అడ్డగోడలతో ముక్కలు చేయాలి, అప్పుడు చర్చి చర్చిలా మిగలదు. పాత గోదామును చేయాలంటే గుడ్డిగోడలకు కిటికీలు పొడవాలి. స్టేషనుకు ఈ కోతలు అక్కర్లేదు. గది గదిగానే ఉంటుంది, కిటికీ కిటికీగానే ఉంటుంది. స్నానాల గదులు, నీటి గొట్టాలు, చలికి వెచ్చదనం చేర్చుకుంటే సరిపోతుంది. పైగా, ముక్కూ మొహం తెలియని మనుషులు సామానుతో వచ్చి, కాసేపు కూర్చుని, చలి కాచుకుని, మళ్లీ బయలుదేరి పోవడానికే కదా ఆ గదులు కట్టింది! బసగా మారినప్పుడు ఆ కాసేపు ఒక రాత్రి అవుతుంది, అంతే తేడా. మ్యూజియం చేస్తే ఆ గదిలో కూర్చోవద్దని తాడు కడతారు. వెయిటింగ్ రూములో కూర్చోవద్దనడం కన్నా విడ్డూరం ఉందా?

పెట్‌వర్త్ సంగతి చూడండి. దక్షిణ ఇంగ్లండులో, వెస్ట్ ససెక్స్ ప్రాంతంలో ఉందీ ఊరు. ఊరికీ స్టేషనుకూ మధ్య సుమారు రెండు మైళ్ల దూరం. 1859లో అక్కడికి రైలు వచ్చింది. ఇప్పుడున్న చెక్క భవనం 19వ శతాబ్దం చివర కట్టింది. ఎత్తైన కప్పు ఉన్న పాత వెయిటింగ్ రూములో ఇప్పుడు అతిథులకు ఫలహారం పెడతారు. టికెట్టు కిటికీలు ఉన్నచోటే ఉన్నాయి. ప్లాట్‌ఫారం పక్కన, పట్టాలుండాల్సిన చోట, పాత పుల్‌మన్ పెట్టెలను తెచ్చి నిలబెట్టి వాటినీ గదులుగా మార్చారు. పుల్‌మన్ అంటే అప్పట్లో డబ్బున్నవాళ్ల పెట్టెలు. గోడలకు నునుపు దేలిన చెక్క పలకలు, ఆ పలకల్లో వేరే రంగు చెక్కతో పొదిగిన పూలూ తీగలూ, ఇత్తడి దీపాలు. బ్రిటన్ రైలుపెట్టె వెడల్పు దాదాపు 9 అడుగులు, అంతకు మించి చోటుండదు. అందుకని మంచం, స్నానాల గది, సోఫా అన్నీ పక్కపక్కన కాక ఒకదాని వెనక ఒకటి పెట్టెలో పొడవునా సర్దుకోవాలి. ఇరుకే. కాని ఆ ఇరుకు పెట్టెకు పుట్టుకతో వచ్చింది, దాన్ని దాచడానికి ప్రయత్నించకపోవడమే ఆ మార్పులో ఉన్న మర్యాద. రూపం మార్చకుండా పని మార్చడమంటే ఇదే.

ఇక ఊరికి దూరం. స్టేషన్లను కాపాడాలనుకునేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. సెటిల్–కార్లైల్ దారి వేసిన మిడ్‌లాండ్ కంపెనీకి కావలసింది స్కాట్లండుకు వేగంగా పోయే సొంత దారి, కొండ పల్లెల ప్రయాణికులు కాదు. వాటంగా ఉన్న ఎత్తులోనే దారి నడిపి, ఊళ్లను కింద లోయల్లో వదిలేసింది. ఆ దారిలోని డెంట్ స్టేషను సముద్రమట్టానికి 1,150 అడుగుల ఎత్తున ఉంటుంది, ఇంగ్లండులో ప్రధాన లైన్ల మీద దాన్ని మించిన ఎత్తులో స్టేషను లేదు. డెంట్ ఊరు మాత్రం నాలుగు మైళ్లకు పైగా దూరాన, కింద ఉంది. మంచు కొట్టుకొచ్చి పట్టాలు పూడకుండా పాత స్లీపర్లను నిలువుగా పాతి కట్టిన కంచె ఆ వాలు మీద కనబడుతుంది. అలాంటి చోట ఖాళీ పడ్డ భవనంలో దుకాణం పెడితే కొనేవాడు రాడు. బడి పెడితే పిల్లలు నడవలేరు. ఆస్పత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ వ్యాపారానికైనా శాపమైన ఆ దూరమే బసకు వరం. నగరం నుంచి రెండు రోజుల కోసం పారిపోయి వచ్చేవాడు డబ్బు కట్టేది ఆ నిర్జనానికే. డెంట్ స్టేషన్ భవనం ఇప్పుడు అద్దెబసగా నడుస్తోంది.

మ్యూజియం పెట్టొచ్చు కదా అంటారు. పెద్ద ఊళ్లో పెట్టండి, నేను కాదనను. కాని రెండున్నర గదుల పల్లె స్టేషన్లు వందల్లో ఉంటే వందల మ్యూజియాలు పెడతామా? అన్నింటిలోనూ అదే లాంతరు, అదే పచ్చజెండా, అదే టోపీ. రెండోసారి ఎవరూ రారు. వానా చలీ ఉన్న దేశంలో రాతి భవనాన్ని తినేసేది కాలం కన్నా తేమ. కప్పు మీద ఒక పలక జారినా, తూము ఒకటి ఆకులతో పూడినా నీళ్లు గోడలోకి దిగుతాయి. లోపల రోజూ వెచ్చదనం ఉండి, రోజూ తలుపులు తెరిచి మూసే మనిషి ఉంటే ఆ చెమ్మ మరునాడే కంటబడుతుంది. ఏడాదికోసారి తనిఖీకొచ్చే ఉద్యోగికి అది కనబడేనాటికి దూలం పుచ్చిపోయి ఉంటుంది. ఈ లెక్క బాగా తెలిసినవాళ్లు లాండ్‌మార్క్ ట్రస్టు వాళ్లు. 1965లో మొదలైన ఈ సంస్థ పాడుపడుతున్న పాత కట్టడాలను బాగుచేసి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే వాటిని నిలబెడుతుంది. స్టాఫర్డ్‌షైరులోని ఆల్టన్ స్టేషను వాళ్ల చేతిలోదే. ఆల్టన్ టవర్స్ అనే జమీందారీ భవంతి పక్కన, ఆ దర్జాకు తగ్గట్టు ఇటలీ విల్లా తరహాలో గోపురంతో సహా 1849లో కట్టిన స్టేషను అది. 1965లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. ఫలహారం పెట్టే బస కాదిది, వంట ఎవరిది వారే చేసుకోవాలి. ముందున్న రైలుకట్ట ఇప్పుడు కాలిబాట.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది గట్టిదే. స్టేషను అందరిదీ. కూలివాడూ జమీందారూ ఒకే కప్పు కింద వానకు ఆగిన చోటు. దాన్ని బస చేస్తే గది అద్దె కట్టగలిగినవాడే లోపలికి రాగలడు, మిగతావాళ్లు గేటు బయటే. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదనుకుంటాను. కాని అయితే మొత్తం జనానిది, లేకుంటే మొత్తం అద్దె కట్టినవాడిది అని పద్ధతులు రెండే అనుకోవద్దు. అదే సెటిల్–కార్లైల్ దారిలో కర్క్‌బీ స్టీఫెన్ స్టేషన్లో బండ్లు ఇప్పటికీ ఆగుతాయి, ప్లాట్‌ఫారం జనానిదే, భవనంలో కొంత భాగాన్ని మాత్రం సెలవుల బసగా ఇస్తున్నారు. రిబుల్‌హెడ్‌లో స్టేషన్ భవనం సందర్శకులది, పక్కనున్న స్టేషన్ మాస్టరు ఇల్లు బసకు వచ్చేవాళ్లది. ఇల్లుగా ఉన్నదాన్ని బస చేసి, జనానిదిగా ఉన్నదాన్ని జనానికే వదిలిన పద్ధతి అది. నాకు అన్నిటికన్నా నచ్చినదీ అదే.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. స్టేషన్లో మంచాలు వేశారంటే ఆ దారిలో ఇక రైలు రాదని ఒప్పుకున్నట్టే కదా, రేపు జనం మళ్లీ రైలు కావాలంటే ఏం చేస్తారు, అని అడుగుతారు. ఇది ఊహలోని కష్టం కాదు. ఎడిన్‌బరో నుంచి దక్షిణానికి కార్లైల్ దాకా పోయే వేవర్లీ దారిని 1969 జనవరిలో మూసేశారు. దాంతో స్కాట్లండు సరిహద్దు ప్రాంతం మొత్తానికి రైలు లేకుండా పోయింది. తరువాత ఆ కట్ట మీద ముక్కలు ముక్కలుగా ఏవేవో వచ్చాయి. కొన్నిచోట్ల ఇళ్లు లేచాయి. ఎడిన్‌బరో చుట్టూ వేసిన బైపాస్ రోడ్డు కట్టను అడ్డంగా తెంచేసింది. జనం పోరి పోరి సాధించుకుంటే 2015 సెప్టెంబరులో ట్వీడ్‌బ్యాంక్ దాకా మళ్లీ రైలొచ్చింది. సుమారు 30 మైళ్ల దారి, దాదాపు 30 కోట్ల పౌండ్ల ఖర్చు. పాత కట్ట తెగకుండా ఉండి ఉంటే ఇందులో కొంతైనా మిగిలేది. ట్వీడ్‌బ్యాంక్‌కు సుమారు రెండు మైళ్ల దూరంలో మెల్‌రోజ్ అనే ఊరుంది. అక్కడ 1849 నాటి అందమైన స్టేషన్ భవనం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది, దాన్ని బాగుచేసి ఇతర పనులకు వాడుకున్నారు. కాని పట్టాలుండే చోట ఇప్పుడు కార్లు పోతున్నాయి, ఊరి బైపాస్ రోడ్డును రైలుకట్ట మీదుగానే వేశారు. భవనం దక్కింది, దారి పోయింది.

ఇప్పుడు దీని పక్కన డెంట్‌ను పెట్టి చూడండి. 1970లో సెటిల్–కార్లైల్ దారిలోని చిన్న స్టేషన్లన్నీ మూతపడ్డాయి, డెంట్ కూడా. పెద్ద బండ్లు, గూడ్సు బండ్లు మాత్రం ఆగకుండా పోతుండేవి. 1980ల్లో మొత్తం దారినే మూసేయాలని నోటీసులిచ్చారు. సరిగ్గా ఆ సమయంలోనే, 1986లో, డెంట్‌తో సహా ఎనిమిది చిన్న స్టేషన్లను మళ్లీ తెరిచారు. 1989 ఏప్రిల్లో దారి మూసే ఆలోచనను ప్రభుత్వం వదులుకుంది. ఇవాళ డెంట్‌లో భవనం ప్రైవేటువాళ్ల చేతిలో ఉంది, ప్లాట్‌ఫారం మీద రైలు ఆగుతోంది. మంచం రైలును అడ్డుకోలేదు. ఎందుకంటే గోడలు మాత్రమే చేతులు మారాయి, కట్ట మారలేదు. మెల్‌రోజ్‌లో రైలుకు అడ్డం తగిలేది పాత భవనం కాదు, కట్ట మీద వేసిన రోడ్డు. అందుచేత రెండో అభ్యంతరం లేవనెత్తేవాళ్లు సరైన ప్రమాదాన్నే పట్టుకున్నారు గాని తప్పు మనిషిని దోషిని చేస్తున్నారు. మూసిన దారిలో పట్టాలు పీకేసినా కట్టను ఒక్క చేతిలో, తెగకుండా ఉంచాలి. ఆల్టన్ ముందు ఉన్నట్టు కాలిబాటగానైనా ఉంచొచ్చు, నడిచేవాళ్లను పక్కకు తప్పించడం ఇళ్లు కూల్చడమంత కష్టం కాదు. భవనాన్ని కూడా అమ్మడం కన్నా దీర్ఘకాలం లీజుకివ్వడం మేలు. సెటిల్–కార్లైల్ ట్రస్టు రైల్వే నుంచి స్టేషన్ భవనాలను తీసుకున్నది అలా లీజు మీదే.

మూడో అభ్యంతరం మనసుకు సంబంధించినది. ఈ బసలు అమ్మేది చరిత్రను కాదు, చరిత్ర మీద పూసిన పంచదార పాకాన్ని అంటారు. అందులో నిజముంది. ఇత్తడి దీపం కింద పడుకునే అతిథికి, రిబుల్‌హెడ్ దగ్గరి 24 కమాన్ల వంతెన కట్టడానికి వచ్చి బ్యాటీ మాస్ గుడిసెల్లో కాపురమున్న కూలీల గురించి ఏం తెలుస్తుంది? మశూచి ఆ గుడిసెలను ఊడ్చింది. పక్కనున్న చాపెల్–లె–డేల్ చర్చి ఆవరణలో ఆ కూలీలనూ వాళ్ల పిల్లలనూ కలిపి సుమారు 200 మందిని పూడ్చారు. చెక్కడపు పట్టీల ఫొటోలు తీసుకునేవాడికి ఇది చెప్పేవాళ్లుండాలి. నిజానికి రిబుల్‌హెడ్ స్టేషన్లో ఆ కథ చెబుతున్నారు కూడా. అన్ని బసలూ చెప్పవు, పుల్‌మన్ వైభవం చూపించి ఊరుకునేవే ఎక్కువ. కాని కూల్చేసిన స్టేషను ఏ కథా చెప్పదు కదా. గోడ మిగిలితే దాని మీద రేపైనా ఎవరో ఒక ఫలకం తగిలించగలరు.

కొరూర్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. స్కాట్లండు ఎత్తుప్రాంతంలో, రానాక్ మూర్ అనే విశాలమైన బాడవ అంచున, 1,300 అడుగులు దాటిన ఎత్తులో 1894లో పెట్టిన స్టేషనిది. మామూలు జనం వాడుకునే రోడ్డు దాని దగ్గరకు రాదు. రైల్లో రావాలి, లేదా చాలా మైళ్లు నడిచి రావాలి. 1996 నాటి ట్రెయిన్‌స్పాటింగ్ సినిమాలో ఇది కనిపిస్తుంది. ఇక్కడి పాత సిగ్నల్ క్యాబిను ఇప్పుడు బస. లండన్‌లో రాత్రి స్లీపర్ బండి ఎక్కినవాడు మరునాటి పొద్దుకు నేరుగా ఇక్కడే దిగొచ్చు. లాభం ఎటునుంచి ఎటు పోతోందో గమనించండి. పెట్‌వర్త్‌లో బస, చనిపోయిన స్టేషన్ను పోషిస్తోంది. కొరూర్‌లో బస, బతికున్న రైలుకు ప్రయాణికులను తెచ్చిపెడుతోంది, రైలు బసకు అతిథులను దింపుతోంది. ఒకదాన్ని ఒకటి నిలబెట్టుకుంటున్నాయి. పాత రైల్వే భవనాల్లో బస అనే ఆలోచనకు ఇంతకన్నా మంచి రూపం నాకు తెలియదు.

సౌఖ్యాల మాట రెండు ముక్కల్లో. సిగ్నల్ క్యాబినుకు అన్ని వైపులా అద్దాలే, అందుకే చూపుకు బాగుంటుంది, అందుకే చలి కూడా. బండ్లు నడిచే దారి పక్కన పడుకుంటే రాత్రి గూడ్సు బండి మంచాన్ని కదిలిస్తుంది. వద్దనుకునేవాళ్లు వద్దనుకోవచ్చు.

మన దగ్గర ఇదేదో వింత అనుకోనక్కర్లేదు. స్టేషన్లో పడుకోవడం మనకు కొత్తా? రిటైరింగ్ రూములు మన రైల్వేలో ఎప్పటినుంచో ఉన్నాయి, టికెట్టు చేతిలో ఉన్నవాడికి స్టేషను మేడ మీద మంచం ఇచ్చే పద్ధతి అది. 1903లో మొదలై 2008లో యునెస్కో జాబితాకెక్కిన కాల్కా–సిమ్లా చిన్నబండి దారిలో, అక్కడి పొడవైన సొరంగం మొగదలే ఉన్న బరోగ్ స్టేషన్లో బస గదులున్నాయి. ఒకప్పుడు వాల్తేరు దాకా బండ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే పూరీలో, రాంచీలో హోటళ్లు నడిపింది, అవి ఇప్పుడు లీజు మీద ప్రైవేటువాళ్ల నిర్వహణలో ఉన్నాయి. రైల్వే భూమిని అమ్మకుండా లీజుకిచ్చి ఆదాయం తేవడానికి 2005 నాటి రైల్వే చట్ట సవరణతో ఏకంగా ఒక ప్రాధికార సంస్థనే పెట్టుకున్నాం. అంటే బ్రిటన్ చేతులు కాల్చుకుని నేర్చుకున్న షరతు మన చట్టంలో ముందే ఉంది. లేనిదల్లా చిన్న భవనాల మీద చూపు.

ఇప్పుడది అవసరమైన సమయం. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టులో ఒకేరోజు శంకుస్థాపన చేసిన 508 స్టేషన్లలో తెలంగాణవి 21, ఆంధ్రప్రదేశ్‌వి 18. స్టేషన్లు బాగుపడాలి, లిఫ్టులూ మరుగుదొడ్లూ రావాలి, దానికి ఎవరూ అడ్డుచెప్పరు. కాని కొత్త భవనం లేవగానే పక్కనున్న పాత క్వార్టర్లనూ గూడ్సు షెడ్డునూ శిథిలాలని రాసి కూల్చేయడం మనకు అలవాటు. 1992 తరువాత మీటర్‌గేజిని బ్రాడ్‌గేజి చేసిన ఊపులోనూ అదే జరిగింది. అలాగని పాతది కనబడిన ప్రతిచోటా గదులు కట్టమని నేననడం లేదు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో బొగడ దగ్గర మీటర్‌గేజి బండ్లు పోయిన పాతదారి, దొరబావి వంతెన ఎత్తైన స్తంభాలు చూడదగ్గవే. కాని అది పులులు తిరిగే అడవి. అక్కడ రాత్రి దీపాలూ కార్లూ వద్దు, పగలు వెళ్లి చూసి వచ్చేస్తే చాలు.

పరీక్షించి చూడాలంటే కొత్తవలస–కిరండోల్ దారి నయం. విశాఖ నుంచి అనంతగిరి కొండలెక్కి బొర్రా గుహలు, సిమిలిగూడ, అరకు మీదుగా పోయే దారి అది. అక్కడి క్వార్టర్లు 1960లనాటి సాదా సున్నపు గోడలు, చెక్కడపు పట్టీలూ ఇటలీ గోపురాలూ ఏమీ లేవు. ఇనప ఖనిజం బండ్ల రొద రాత్రంతా ఉంటుంది. ఇలాంటిచోట డబ్బిచ్చి ఎవరు పడుకుంటారని అడగొచ్చు. డెంట్‌కు జనం చెక్క పట్టీల కోసం వెళ్లడం లేదు, ఆ ఎత్తు కోసం, ప్లాట్‌ఫారం మీంచి కనబడే లోయ కోసం వెళుతున్నారు. అవి సిమిలిగూడకూ ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అరకులో గది దొరకడమే గగనం. వాడుకలో లేని రెండు క్వార్టర్లు చూసి, కప్పు బాగుచేసి, వేడినీళ్లు పెట్టి, పొద్దున్నే ఇడ్లీ, అరకు కాఫీ ఇవ్వగలిగిన స్థానిక మహిళా సంఘానికి మూడేళ్ల లీజు రాసిస్తే, ఈ ఆలోచన మన నేల మీద నిలుస్తుందో లేదో మూడు చలికాలాల్లో తేలిపోతుంది.